‘కుక్కలున్నవి జాగ్రత్త’ అని బోర్డు పెడితే సరిపోదు: అధికారులకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల పశుసంవర్ధక శాఖ, పురపాలక శాఖ, పోలీసు శాఖ ఉన్నతాధికారులకు నమస్కారం.

నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పే టీచర్‌ని. ఐదు నెలలు నాలుగు ఆఫీసుల చుట్టూ తిరిగి, ఎక్కడా జవాబు దొరక్క ఈ లేఖ రాస్తున్నాను. మా ఊరి పేరు, ఆ ఆఫీసుల పేర్లు రాయడం లేదు. ఒక గుమాస్తా మీదో ఒక ఎస్సై మీదో కోపం తీర్చుకోవాలని నాకు లేదు. మా వీధిలో జరిగింది ఏ ఊళ్ళోనైనా జరగొచ్చు.

2025 జూన్‌లో ఒకరోజు పొద్దున ఐదున్నరకి మా నాన్నగారు పాల ప్యాకెట్ల కోసం వీధి చివరి బూత్‌కి వెళ్ళారు. ఆయనకి 68 ఏళ్ళు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల రాట్‌వీలర్ జాతి కుక్క ఒకటి ఉంది, యాభై కిలోల పైమాటే. ఆ ఇంటి గేటు గడియ విరిగి ఏడాది దాటింది. గడియ బదులు బట్టలారేసే తీగ ముక్క ఒకటి చుట్టి పెడుతుంటారు. ఆ రోజు తీగ సరిగా చుట్టలేదు. కుక్క మూతితో గేటు తోసుకుని బయటికి వచ్చింది. మొరగలేదు. మొరిగి ఉంటే నాన్న కనీసం పక్కింటి అరుగు ఎక్కేవారు.

ఎడమ చెయ్యి మోచేతి కింద పట్టుకుంది, వదల్లేదు. చెత్త ఆటో అతను చూసి పారతో బెదిరించాడు, కొట్టాడు. చివరికి ఆ ఇంటివాళ్ళు వచ్చి మెడపట్టీ పట్టుకుని లాగితే గానీ వదల్లేదు. నేను పరుగెత్తుకెళ్ళేసరికి నాన్న రోడ్డు మీద కూర్చుని ఉన్నారు. చొక్కా చెయ్యి అంతా రక్తం, కాళ్ళ చుట్టూ పాలు. నన్ను చూడగానే ఆయన అన్న మొదటి మాట, “అమ్మా, ప్యాకెట్లు రెండూ పగిలిపోయాయి” అని.

కుక్క కరిస్తే ముందు సబ్బు నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగాలని తెలుసు కాబట్టి కుళాయి కింద పెట్టి కడిగాను. కడుగుతుంటే లోపలి కండ తెల్లగా కనిపించింది. ఇంత లోతు కాటుకి టీకా ఒక్కటే చాలదు, టీకా పనిచేసేలోపు రేబిస్‌ని అడ్డుకునే ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు కూడా గాయం లోపలా చుట్టూ వేయాలి. మేం మొదట వెళ్ళిన ఆస్పత్రిలో టీకా ఉంది, అది లేదు. రక్తం కారుతున్న మనిషిని మళ్ళీ ఆటోలో కూర్చోబెట్టుకుని ఇంకో ఆస్పత్రికి పరుగెత్తాం. కుక్క కాటుకి వెంటనే కుట్లు వేసేయరు కాబట్టి కొన్ని రోజులు ఆ గాయాన్ని అలాగే కట్టు కట్టి ఉంచారు. తర్వాత ఒక ఆపరేషన్. మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు మళ్ళీ ఇంజెక్షన్లు. మొత్తం ఖర్చు 94 వేలు. చిటికెన వేలు, ఉంగరం వేలు ఇప్పటికీ పూర్తిగా మడవడం లేదు. ముప్పై ఏళ్ళు ఆ చేత్తోనే టికెట్ల కట్ట పట్టుకుని, కదిలే బస్సులో నిలబడ్డ మనిషి ఆయన.

కుక్కల మీద ద్వేషంతో రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. మా ఇంట్లోనూ కుక్క ఉంది. వీధిలో దొరికిన పిల్ల, ఇప్పుడు తొమ్మిదేళ్ళది. నాన్నకి దెబ్బ తగిలిన నాటి నుంచి ఆయన మంచం కిందే పడుకుంటోంది.

ఫిర్యాదు చేస్తే ఏమైందో చెబుతాను. మున్సిపల్ ఆఫీసులో, “ఇలాంటి కుక్కల మీద కేంద్రం పెట్టిన బ్యాన్‌ని కోర్టు కొట్టేసిందమ్మా, మేమేం చేయలేం” అన్నారు. పోలీస్ స్టేషన్లో, “ఒకే వీధివాళ్ళు, కూర్చుని మాట్లాడుకోండమ్మా” అన్నారు. పశువుల ఆస్పత్రిలో, “మాది వైద్యం వరకే, లైసెన్సులు మున్సిపాలిటీ చూసుకోవాలి” అన్నారు. కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్సులో అర్జీ పెట్టాను. రసీదు ఇచ్చారు. పద్దెనిమిది రోజులకి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: మీ సమస్య పరిష్కరించబడింది. ఎవరు పరిష్కరించారో, ఎలా పరిష్కరించారో అందులో లేదు. మా వీధికి ఒక్క మనిషి రాలేదు.

అందుకే మీ ముందు ఈ విషయాలు పెడుతున్నాను.

1. ‘చట్టం లేదు’ అనే మాట నిజం కాదు. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ఉంది. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకి ప్రాణాపాయం గానీ తీవ్ర గాయం గానీ కలగకుండా జాగ్రత్త తీసుకోని యజమానికి ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. పాత ఐపీసీలో ఇది 289వ సెక్షన్. కోర్టు అనుమతి కోసం ఆగకుండా పోలీసులు కేసు కట్టదగ్గ నేరం ఇది. నిర్లక్ష్యం వల్ల ఎదుటి మనిషికి తీవ్ర గాయమైతే 125వ సెక్షన్ కూడా ఉంది. గడియ లేని గేటు వెనక యాభై కిలోల కుక్కని వదిలేయడం నిర్లక్ష్యం కాకపోతే నిర్లక్ష్యం అంటే ఇంకేమిటో స్టేషన్లో ఎవరైనా చెప్పాలి. నగరాల్లో పెంపుడు కుక్కకి లైసెన్సు, ఏటా రేబిస్ టీకా తప్పనిసరి అని మీరే ప్రకటనలు ఇస్తారు. ఆ కుక్కకి లైసెన్సు ఉందా లేదా అని ఈ ఐదు నెలల్లో ఎవరూ అడగలేదు. అడగడానికి ఏ కోర్టూ అడ్డుపడలేదు.

2. కోర్టు కొట్టేసిందేమిటో సరిగా చెప్పుకుందాం. ప్రమాదకర జాతుల కుక్కల సంగతి తేల్చమని ఢిల్లీ హైకోర్టు 2023 డిసెంబరులో కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక, పాడి శాఖ అన్ని రాష్ట్రాలకీ ఒక సర్క్యులర్ పంపింది. పిట్‌బుల్, రాట్‌వీలర్, డోగో అర్జెంటీనో, కేన్ కోర్సో లాంటి ఇరవై పైచిలుకు జాతుల దిగుమతి, పిల్లల్ని పుట్టించడం, అమ్మకం ఆపమనీ, ఇప్పటికే ఇళ్ళలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమనీ దాని సారాంశం. నెల తిరక్కుండానే, 2024 ఏప్రిల్ 10న కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. కుక్కల్ని పెంచేవాళ్ళనీ, సంబంధం ఉన్న సంస్థలనీ సంప్రదించకుండా ఇచ్చారన్నది ముఖ్యమైన కారణం. పద్ధతి ప్రకారం మళ్ళీ నిబంధనలు తెచ్చుకోవడానికి కోర్టు తలుపు మూయలేదు.

ఆ జాబితా తయారు చేసిన తీరు కూడా ఒకసారి చూడండి. టోసా ఇను అని ఒకచోట, జపనీస్ టోసా అని ఇంకోచోట రాశారు. రెండూ ఒకటే కుక్క. ‘టెర్రియర్లు’ అని ఊరికే రాశారు. ఒడిలో పట్టే యార్క్‌షైర్ టెర్రియర్ కూడా టెర్రియరే. ప్రాణాలకి సంబంధించిన కాగితాన్ని అంత తొందరగా రాసి, అది కోర్టులో నిలబడకపోతే, నష్టం మాలాంటివాళ్ళకి. ఆ సర్క్యులర్ సరిగా రాసి ఉంటే మా నాన్న చెయ్యి బాగుండేదని నేను అనను. కానీ అది పడిపోయిన రోజు నుంచి కింది ఆఫీసుల్లో అందరికీ ఒక సాకు దొరికింది.

3. జాతి ముఖ్యమా, పెంపకం ముఖ్యమా అన్న వాదనలో నా మాట ఇది. రెండూ ముఖ్యమే. ‘ఏ జాతి అయినా ఒకటే, అంతా పెంపకంలో ఉంది’ అనేవాళ్ళు మా నాన్న చెయ్యి చూడాలి. మా ఇంట్లో కుక్క కరిస్తే రెండు పంటి గాట్లు పడతాయేమో. ఆ దవడ పడితే కండ ఊడి వచ్చింది. 2022 జూలైలో లక్నోలో 82 ఏళ్ళ పెద్దావిడ సొంత ఇంట్లో, సొంత పిట్‌బుల్ చేతిలో చనిపోయింది. 2024 మేలో చెన్నైలో ఒక పార్కులో ఆడుకుంటున్న ఐదేళ్ళ పాప మీద రెండు రాట్‌వీలర్లు పడ్డాయి. బరువున్న, పట్టు వదలని కుక్కకి ఎక్కువ నియమాలు ఉండాలనడం అన్యాయం కాదు. లారీ తోలడానికీ స్కూటర్ తోలడానికీ ఒకే లైసెన్సు ఇస్తున్నామా?

అయితే జాబితా ఒక్కటే నమ్ముకున్నా మోసపోతాం. 2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఫుడ్ డెలివరీకి వెళ్ళిన 23 ఏళ్ళ కుర్రాడు, తలుపు తీయగానే కుక్క మీదికి వస్తే తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. అది జర్మన్ షెపర్డ్. అదే ఏడాది మేలో మణికొండలో ఇంకో డెలివరీ అతను డాబర్‌మన్‌కి భయపడి మూడో అంతస్తు నుంచి దూకాడు, ఎముకలు విరిగినా ప్రాణంతో బయటపడ్డాడు. జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్ రెండూ కేంద్రం జాబితాలో లేవు. బ్రిటన్ 1991లో నాలుగు జాతుల మీద చట్టం చేసింది. జనం అందులో లేని ఎక్స్‌ఎల్ బుల్లీ అనే భారీ కుక్కని పెంచడం మొదలుపెట్టారు. దాడులు పెరిగి, చివరికి 2023 డిసెంబరు 31 నుంచి దాని అమ్మకం, పిల్లల్ని పుట్టించడం ఆపాల్సి వచ్చింది. ఇప్పటికే ఉన్నవాటిని ఉంచుకోవాలంటే 2024 ఫిబ్రవరి 1 నుంచి మినహాయింపు పత్రం ఉండాలి. దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, గుర్తింపు కోసం చర్మం కింద పెట్టే మైక్రోచిప్, బయటికి తెస్తే గొలుసు, మూతికి బుట్ట, ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి ఇన్సూరెన్స్ అన్నీ కావాలన్నారు. మనం నేర్చుకోవాల్సింది ఈ షరతుల దగ్గర.

4. దెబ్బ తినేది ఎవరు? కారులో గేటు లోపలికి వెళ్ళి కారులో బయటికి వచ్చేవాళ్ళు కాదు. పాలు వేసేవాళ్ళు, పేపరబ్బాయి, గ్యాస్ బండ మోసుకొచ్చే అతను, కరెంటు రీడింగ్ తీసే అతను, ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, చెత్త ఆటోవాళ్ళు, పార్సిల్ తెచ్చే పిల్లలు. వీళ్ళెవరూ ‘మీ ఇంట్లో కుక్క ఉంది, నేను రాను’ అనలేరు. అంటే ఆ రోజు కూలి పోతుంది, రెండోసారి అంటే పనే పోతుంది.

మా వీధిలో గిన్నెలు తోమే ఒక అక్క ఉంది. ఆ రాట్‌వీలర్ ఉన్న ఇంట్లో కూడా తనే చేస్తుంది. గత ఏడాది అది పిక్క మీద పట్టుకుంది. ఆ సంగతి మా నాన్నకి జరిగాక గానీ మాకు చెప్పలేదు. “చెబితే మానిపిస్తారమ్మా, నెలకి మూడు వేలు పోతే ఎట్లా” అంది. నాలుగు ఇంజెక్షన్లకి నాలుగు రోజులు మిగతా ఇళ్ళలో పని మానేసింది, ఆ జీతం కోశారు. ఇలాంటి కాట్లు మీ ఏ రిజిస్టర్లోనూ ఉండవు. ఫిర్యాదులు రావడం లేదని మీరు అనుకుంటే, ఫిర్యాదు చేసే ధైర్యం ఎవరికి ఉందో ముందు చూడండి.

గేటుకి ‘కుక్కలున్నవి జాగ్రత్త’ అని బోర్డు తగిలిస్తే, జాగ్రత్త పడాల్సింది దారిన పోయేవాడే అయ్యాడు. పిల్లలు మా వీధిలో క్రికెట్ మానేశారు. అమ్మ గుడికి వెళ్ళాలంటే వెనక వీధి చుట్టూ తిరిగి వెళ్తోంది. ఆ గేటు ముందు నుంచి వెళ్ళాలంటేనే ఆమెకి టెన్షన్. కుక్క యజమాని గారు మొదటి రోజు 5,000 ఇచ్చారు. తర్వాత, “మీ నాన్నగారు పరుగెత్తారు, అందుకే పట్టుకుంది” అన్నారు. అంతకు ముందు ఏడాదంతా మేం చెప్పినప్పుడల్లా, “మావాడు ఏమీ చేయడమ్మా, ఆడుకోడానికి వస్తాడు” అనేవారు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

5. ఈ కుక్కలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? కుక్కల పెంపకం, అమ్మకం మీద 2017లోనే కేంద్రం నిబంధనలు చేసింది. పిల్లల్ని పుట్టించి అమ్మేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టరు చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. మైక్రోచిప్ ఉండాలి, ఎవరికి అమ్మారో రికార్డు ఉండాలి. మరి ఫోన్లో ఒక ఫొటో పంపితే, సాయంత్రానికి అట్టపెట్టెలో బస్సు ఎక్కించి పంపుతున్నవాళ్ళ మీద ఎన్ని కేసులు పెట్టారు? మా వీధిలోని రాట్‌వీలర్ కూడా అలాగే వచ్చింది. దానికి చిప్ లేదు, కాగితం లేదు. కొనేవాడికి ఆ జాతి ఎంత బరువు పెరుగుతుందో, రోజుకి ఎంత నడిపించాలో చెప్పినవాడు లేడు.

6. ఆ కుక్క తప్పు కూడా కాదు ఇది. మే నెల ఎండలో డాబా మీద రేకు కింద గొలుసుతో రోజంతా ఉంటుంది. బయటికి తీసుకెళ్ళగా నేను చూడలేదు. దాన్ని చంపేయమనో రోడ్డు మీద వదిలేయమనో ఈ లేఖలో ఎక్కడా అడగను.

7. వీధి కుక్కల గురించి దేశమంతా మాట్లాడుతోంది. సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో, మళ్ళీ నవంబరులో ఆదేశాలు ఇచ్చింది. మంచిదే. కానీ వీధి కుక్కకి యజమాని లేడు, పెంపుడు కుక్కకి పేరూ అడ్రసూ ఉన్న యజమాని ఉన్నాడు. ఎవరిని పట్టుకోవాలో తెలిసిన చోటే ఎవరినీ పట్టుకోవడం లేదు.

మేం అడుగుతున్నవి ఇవి.

అ) కుక్క కాటు ఫిర్యాదు వస్తే 48 గంటల్లో మున్సిపల్ సిబ్బంది, పశువైద్యుడు కలిసి ఆ ఇంటికి వెళ్ళి చూడాలి. గేటు, గొలుసు, టీకా కార్డు, లైసెన్సు చూసి, చూసినట్టు బాధితులకి కాగితం ఇవ్వాలి. ఏ శాఖ బాధ్యత ఏమిటో ఒక్క ఉత్తర్వులో రాయండి. మూడు శాఖలు ఒకరి మీద ఒకరు చెప్పుకోవడం ఆగాలి.

ఆ) 291వ సెక్షన్ కింద కేసు కట్టమని పోలీస్ స్టేషన్లన్నిటికీ డీజీపీ కార్యాలయం నుంచి రాతపూర్వక ఆదేశం వెళ్ళాలి. రాజీ చేసుకోవాలో వద్దో కేసు నమోదయ్యాక బాధితుడు చెబుతాడు.

ఇ) పెద్ద బరువున్న, పోరాటానికో కాపలాకో తయారైన జాతులకి ప్రత్యేక అనుమతి పెట్టండి. పశువైద్యులు, జంతు సంక్షేమ సంఘాలు, కాలనీ సంఘాలు, డెలివరీ కార్మికులు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, అందరినీ పిలిచి వినండి. పోయినసారి చేసిన తప్పు మళ్ళీ చేసి మళ్ళీ కోర్టులో ఓడిపోవద్దు. ఇప్పటికే ఉన్న కుక్కలకి ఆపరేషన్, మైక్రోచిప్, లోపల గడియ పడే ఎత్తు గేటు, బయటికి తెస్తే పొట్టి గొలుసు, మూతికి బుట్ట, ఇన్సూరెన్స్ ఉంటేనే అనుమతి ఇవ్వాలి. ఏ జాతి కుక్క అయినా ఒకసారి మనిషిని గాయపరిస్తే దానికీ ఇవే నియమాలు వర్తించాలి. అప్పుడు జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్ తప్పించుకోవు.

ఈ) రిజిస్టరు కాని పెంపకందార్ల అమ్మకాలు ఆపాలి. ఆన్‌లైన్లో అమ్మేవాళ్ళని పట్టుకోవడానికి మీకు పెద్ద దర్యాప్తు అక్కర్లేదు, ఫోన్ నంబర్లు వాళ్ళే వేసుకుంటున్నారు.

ఉ) పరిహారం. 2023 నవంబరులో పంజాబ్-హర్యానా హైకోర్టు వీధి జంతువుల దాడుల కేసుల్లో ఒక లెక్క చెప్పింది: కుక్క కాటులో ఒక్కో పంటి గాటుకి కనీసం 10 వేలు, కండ ఊడి వస్తే ప్రతి 0.2 సెంటీమీటరు గాయానికి కనీసం 20 వేలు. పెంపుడు కుక్కల విషయంలో యజమాని దగ్గర వసూలు చేసేలా అలాంటి కొలమానం ఒకటి మన రాష్ట్రాల్లోనూ పెట్టండి. లెక్కల టీచర్ని కాబట్టి నాన్న గాయం స్కేలు పెట్టి కొలిచాను. పదకొండు సెంటీమీటర్లు. మాకు ముట్టింది 5,000.

ఊ) కుక్క కాటుకి వైద్యం చేసే ప్రతి ప్రభుత్వ ఆస్పత్రిలో టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఉండాలి. లేనిరోజు ఎక్కడ ఉందో ఆ గుమ్మం దగ్గరే బోర్డు మీద రాయాలి. రేబిస్ వచ్చాక మందు లేదు. అక్కడా ఇక్కడా తిరిగే టైము కాటు తిన్నవాడికి ఉండదు.

ఈ లేఖకి 30 రోజుల్లో రాతపూర్వక జవాబు కోరుతున్నాను. ‘పరిష్కరించబడింది’ అనే మెసేజ్ వద్దు. జవాబు రాకపోతే మా వీధివాళ్ళం 41 మంది సంతకాలతో హైకోర్టుకి వెళ్తాం. కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాం. గిన్నెలు తోమే అక్క కూడా సంతకం పెట్టింది.

తనిఖీకి వచ్చేవాళ్ళు ఎవరైనా పొద్దున ఐదున్నరకి రండి. నాన్న ఇప్పుడు పాలకి వెళ్ళడం లేదు, నేను వెళ్తున్నాను. దారిలో ఆ గేటు చూపిస్తాను. ఇవాళ పొద్దుటికీ దానికి ఆ తీగే ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టర్ కూతురు